పక్కన అన్నయ్య అపార్ట్‌మెంట్, చేతిలో కాలనీ పిటిషన్: సంతకం ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న

సికింద్రాబాద్ వైపు ఒక పాత సహకార సంఘం కాలనీ నుంచి 59 ఏళ్ల పాఠకురాలు రాశారు. పేరు వద్దన్నారు. ఉత్తరం సారాంశం ఇది.

వాళ్ల నాన్నగారు 1984లో సొసైటీలో పక్కపక్కనే రెండు ప్లాట్లు కొన్నారు. ఒక్కోటి 400 గజాలు. ఉత్తరం వైపుది ఈమె పేర గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేశారు. దక్షిణం వైపుది కొడుక్కని, అంటే ఈమె అన్నయ్యకని, విల్లు రాశారు, అది రిజిస్టర్ కాలేదు. ఈమె ఇల్లు కింద ఒక వాటా, పైన ఒక వాటా. భర్త పోయారు, కొడుకు పుణేలో ఉద్యోగం. పై వాటా అద్దె మీద ఇల్లు నడుస్తోంది. డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పలకలున్నాయి. 2003లో పర్మిషన్ లేకుండా డాబా మీద ఒక గది వేసుకున్నారు.

ఇప్పుడు అన్నయ్య, ఆయనకు అవతలి పక్క ప్లాటు యజమాని కలిసి 800 గజాలూ ఒక బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇస్తున్నారు. కింద పార్కింగ్‌కు వదిలే స్టిల్ట్ మీద 5 అంతస్తులు, 15 ఫ్లాట్లు. కాలనీలో ఇంతవరకు మూడంతస్తులు దాటిన ఇల్లు లేదు. నీళ్లు రావు, డ్రైనేజీ పొంగుతుంది, రోడ్డు మీద కార్లు నిండిపోతాయి, మన ఇళ్లలోకి తొంగి చూస్తారు అని కాలనీ అంతా మండిపడుతోంది. అసోసియేషన్ ఇంటికి 10 వేలు వసూలు చేసి హైకోర్టుకు వెళ్తానంటోంది. పక్కిల్లు కాబట్టి మొదటి పిటిషనర్‌గా ఈమె ఉండాలట. సంతకం పెట్టకపోతే అన్నతో కలిసిపోయిందని గ్రూపులో సూటిపోటి మాటలు. అన్నయ్యేమో కొడుకు చదువు అప్పు తీరే దారి ఇదొక్కటే అంటూ, 'నో అబ్జెక్షన్' పేరుతో రెండు పేజీల ఇంగ్లీషు కాగితం పంపి సంతకం అడుగుతున్నారు. బిల్డర్ మనిషి వచ్చి మీ స్థలం కూడా కలపండి, అందరికీ లాభం అంటున్నాడు. "కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అన్నయ్యను పోగొట్టుకోలేను, 30 ఏళ్లుగా కలిసి ఉన్న కాలనీని కాదనుకోలేను. ఏం చెయ్యను?"

సమాధానం

ముందు ఆ రెండు పేజీల ఇంగ్లీషు కాగితం సంగతి చూద్దాం. పిటిషన్ కన్నా, బిల్డర్ బేరం కన్నా అదే తొందర విషయం.

పక్క స్థలంలో అపార్ట్‌మెంట్ కట్టడానికి పొరుగువారి అంగీకార పత్రం మున్సిపాలిటీ అడగదు. మరి మీ సంతకం ఎందుకు? రేపు మీరు ఫిర్యాదు చెయ్యకుండా ముందరి కాళ్లకు బంధం కావచ్చు. కానీ నా అనుమానం ఎక్కువగా మీ నాన్నగారి విల్లు మీద. విల్లు రిజిస్టర్ కాకపోయినా, ఇద్దరు సాక్షులు సరిగ్గా సంతకాలు చేసి ఉంటే చెల్లుతుంది. అయితే రేపు ఫ్లాట్లు కొనేవాళ్లకు లోన్ ఇవ్వాల్సిన బ్యాంకు లాయరు దాన్ని చూడగానే 'మిగతా వారసులు ఒప్పుకున్నారా' అని అడుగుతాడు. ఆ వారసురాలు మీరే. ఏ కారణంగానైనా విల్లు నిలవకపోతే కూతురిగా ఆ స్థలంలో మీకు అన్నయ్యతో సమాన వాటా వస్తుంది. ఆ కాగితంలో లీగల్ హెయిర్, రిలీజ్, రిలింక్విష్ అన్న మాటలు ఉన్నాయేమో మీ అబ్బాయితో చదివించండి. ఉంటే అది పొరుగింటి కాగితం కాదు, వారసత్వ హక్కు వదులుకునే కాగితం. స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే పత్రం రిజిస్టర్ కావాలి. కాబట్టి ఇవాళ ఇంట్లో సంతకం తీసుకుని రేపు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు రమ్మన్నా ఆశ్చర్యపోవద్దు.

ఆ స్థలం అన్నయ్యదేనని నాన్న మాట, మీ మాట ఒకటేనని ఉత్తరంలో రెండుచోట్ల రాశారు. అలాగైతే ఆ మేరకు సంతకం పెట్టడంలో తప్పు లేదు. కానీ వారసత్వం ఒప్పుకునేది వేరే కాగితం, కట్టడం గురించి వేరే కాగితం. రెండూ ఒకే పత్రంలో కలిపేస్తే, ప్రేమతో ఇచ్చినదాంతో పాటు ఇవ్వనక్కర్లేనిది కూడా పోతుంది. మీ తరఫు లాయరు చూడకుండా దేని మీదా సంతకం వద్దు. బిల్డర్ లాయరు 'మనందరి లాయరు' కాడు.

ఇక అసలు కట్టడం ఆగుతుందా? కాలనీ వాళ్లు వినడానికి ఇష్టపడని భాగం ఇది. తెలంగాణలో ఎత్తు, సెట్‌బ్యాక్ (చుట్టూ వదలాల్సిన ఖాళీ) 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 పట్టిక ప్రకారం స్థలం విస్తీర్ణాన్ని బట్టి వస్తాయి. 800 గజాలంటే 669 చదరపు మీటర్లు. 500 నుంచి 750 చదరపు మీటర్ల వరుసలో 15 మీటర్ల ఎత్తు దాకా కట్టొచ్చు, పక్కలా వెనకా 3.5 మీటర్లు వదలాలి. పార్కింగ్ స్టిల్ట్ ఆ ఎత్తుకు అదనం. అందుకే స్టిల్ట్ ప్లస్ 5 అంటున్నారు. రోడ్డు కనీసం 9 మీటర్లుండాలి, మీ 30 అడుగుల రోడ్డు దానికి సరిగ్గా సరిపోతుంది. పట్టికకు మధ్యమధ్య సవరణలు వస్తుంటాయి కాబట్టి చివరి మాట శాంక్షన్ ప్లానుదే. కానీ కాలనీలో ఇంతవరకు ఎవరూ కట్టలేదన్న కారణంతో పర్మిషన్ ఆపే నిబంధన మాత్రం ఏదీ లేదు.

అసోసియేషన్ వాళ్లకు తట్టని సంగతి ఇంకోటుంది. ప్లాట్లు కలపడం ఆగిపోయిందే అనుకుందాం. అన్నయ్య ఒక్కరి 400 గజాలు 334 చదరపు మీటర్లు. ఆ వరుసలో 12 మీటర్ల దాకా, అంటే స్టిల్ట్ మీద 4 అంతస్తులు కట్టొచ్చు. పక్క సెట్‌బ్యాక్ 2 మీటర్లే. ఒక అంతస్తు తగ్గుతుంది, గోడ మాత్రం మీ వైపు మీటరున్నర జరుగుతుంది. మీ వంటింటి కిటికీకి ఏది నయమో మీరే చూసుకోండి.

ఎండ లెక్క వెయ్యండి. కట్టడం మీకు దక్షిణాన వస్తుంది. హైదరాబాద్‌లో డిసెంబర్ మూడో వారంలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తు దాటడు. స్టిల్ట్‌తో కలిపి 18 మీటర్ల కట్టడం, మీ డాబా 7 మీటర్లు అనుకుంటే పైన అడ్డొచ్చేది 11 మీటర్లు. డాబా మట్టంలో నీడ తొమ్మిదిన్నర మీటర్లు. అందులో వాళ్ల మూడున్నర, మీ పక్క ఖాళీ ఒకటిన్నర తీసేస్తే మధ్యాహ్నం మీ డాబా దక్షిణపు అంచు నుంచి నాలుగున్నర మీటర్ల దాకా నీడే. పైన వాళ్ల నీళ్ల ట్యాంకు, లిఫ్టు గది వేరు. మార్చి చివరికి సూర్యుడు 70 డిగ్రీలు దాటాక నీడ మీ డాబా ఎక్కదు. మే మధ్య నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నపు నీడ అసలు అటువైపే పడుతుంది. దక్షిణాన ఎత్తుంటే వాస్తుకు మంచిదేనని అన్నయ్య అన్నారని రాశారు. సోలార్ పలకలకు వాస్తు తెలియదు. పలకలు దక్షిణపు అంచున ఉంటే ఉత్తరం వైపు జరిపించే ఖర్చు బిల్డర్‌దని ఇప్పుడే రాయించుకోండి. ఒక పలక మీద కొంత నీడ పడినా ఆ వరుస మొత్తం ఉత్పత్తి పడిపోవచ్చు.

వెలుతురు హక్కు చట్టంలో ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ఒక కిటికీ ద్వారా 20 ఏళ్లు నిరాటంకంగా వెలుతురు వస్తుంటే అది హక్కవుతుంది. మీ ఇంటికి ఆ వయసుంది. కానీ వెలుతురు కొంత తగ్గితే చాలదు, చెప్పుకోదగ్గ నష్టం జరిగిందని సివిల్ కోర్టులో రుజువు చెయ్యాలి. మూడున్నర మీటర్లు వదిలి కడితే ఆ రుజువు కష్టం. రెండో అంతస్తు నుంచి మీ పెరడు కనబడుతుందన్నది మామూలుగా చట్టం పట్టించుకోని బాధ. దాన్ని మాట్లాడుకునే తీర్చుకోవాలి.

కాలనీ ఫిర్యాదుల్లో నిజమెంత? 15 ఫ్లాట్లలో ఫ్లాటుకు 5 మంది లెక్కన 75 మంది. మనిషికి రోజుకు 135 లీటర్లు వేస్తే దాదాపు 10 వేల లీటర్లు, రెండు చిన్న ట్యాంకర్లు. ఎండాకాలంలో కొత్త బోరు వేస్తే దాని దెబ్బ పక్క బోర్ల మీదే, ముందు మీ బోరు మీద. ఇది నిజమైన భయం. డ్రైనేజీలోకి వెళ్లేది రోజుకు 8 వేల లీటర్లు. అయితే పాత కాలనీల్లో లైను పొంగించేది చాలావరకు ఇది కాదు, డాబా నీళ్లను డ్రైనేజీకి కలిపేయడం. గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే 669 చదరపు మీటర్ల స్థలం మీద 33 వేల లీటర్లు. నాలుగు రోజుల మురుగు ఒక్క గంటలో దిగుతుంది. వాన నీళ్లు ఇంకుడు గుంతకు, పొర్లితే రోడ్డు పక్క వరద కాలువకు, డ్రైనేజీకి చుక్క కూడా వద్దు. కాలనీ గట్టిగా పట్టుకోవాల్సిన షరతు ఇదే. ఇదే పని కాలనీలో ఎన్ని ఇళ్లు చేస్తున్నాయో కూడా చూసుకోవాలి. కార్ల సంగతికొస్తే, సెట్‌బ్యాకులు పోను స్టిల్ట్ కింద మిగిలేది సుమారు 360 చదరపు మీటర్లు. దారి, మెట్లు, లిఫ్టు, వాచ్‌మన్ గది పోతే డజను కార్లు. మిగిలినవి వీధిలోకే వస్తాయి. ఆ మాటలో అతిశయోక్తి లేదు.

ఇప్పుడు మీ దారులు చూద్దాం.

ఒకటి, మొదటి పిటిషనర్‌గా సంతకం. పర్మిషన్ నిబంధనల ప్రకారం ఉంటే హైకోర్టు దాన్ని కొట్టెయ్యడం అరుదు. ఎక్కువగా జరిగేది, మీ అభ్యంతరాన్ని పరిశీలించి ఇరుపక్షాలనూ విని నిర్ణయం తీసుకోమని మున్సిపాలిటీకి చెప్పడం. కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు. ఆ ఆలస్యం అన్నయ్య అప్పు మీద వడ్డీగా పడుతుంది, ఆ కోపం అసోసియేషన్ మీద కాదు, మొదటి పేరు మీద పడుతుంది. మీ 2003 గది కూడా ఉంది. అవతలి లాయరు మొట్టమొదట చూపించేది దాన్నే. కాలనీలో ఎన్ని పెంట్‌హౌస్‌లకు పర్మిషన్ ఉందో ప్రెసిడెంట్‌గారిని కూడా ఒకసారి లెక్కపెట్టుకోమనండి. ఎదురు ఫిర్యాదు పడితే అందరికీ నోటీసులే. అందుకని కోర్టు మాటే ఎత్తవద్దని కాదు. శాంక్షన్ ప్లానులో సెట్‌బ్యాక్ తగ్గినా, ఆరో అంతస్తు లేచినా అప్పుడు వేసే పిటిషన్‌కు బలం ఉంటుంది. ఇప్పుడు వేసి ఓడితే ఆ బలం ముందే ఖర్చయిపోతుంది.

రెండు, కట్టనిచ్చి షరతులు రాయించుకోవడం. మీ బలమంతా తవ్వకం మొదలయ్యేలోపే. 10 మీటర్లు దాటిన కట్టడాలకు అనుమతులన్నీ ఒకేచోట ఇచ్చే సింగిల్ విండోలో 21 రోజుల గడువుంది, ఫైలు మీరనుకున్నదానికన్నా వేగంగా నడుస్తుంది. ముందు ప్లాను కాపీ అడగండి. అన్నయ్య దగ్గరే ఉంటుంది, లేదంటే 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్లానులో మీ వైపు ఎంత వదిలారో స్కేలు పెట్టి చూడండి. ఒక పక్క సెట్‌బ్యాక్ కొంత తగ్గించి మరో పక్క చేర్చుకునే సడలింపు నిబంధనల్లో ఉంది, అది మీ వైపు వాడారేమో తెలియాలి.

తర్వాత మీ ఇంటి పరిస్థితి నమోదు చేయించండి. మీవి 1990ల నాటి రాతి పునాదులైతే లోతు నాలుగైదు అడుగులే ఉంటుంది. వాళ్ల ఫుటింగుల (స్తంభాల పునాదుల) గోతులు అంతకన్నా లోతుకు, కాంపౌండ్ గోడ పక్కనే దిగుతాయి. జులైలో గొయ్యి తవ్వి నీళ్లు నిండాక వదిలేస్తే గోడ కింద మట్టి జారుతుంది. నగరంలో గోడలు ఇలా కూలిన సందర్భాలున్నాయి. స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి ప్రతి గదినీ తేదీ పడేలా ఫొటోలు తీయించండి. ఉన్న పగుళ్ల చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ వెయ్యండి, పెద్ద పగుళ్ల మీద అడ్డంగా సన్నటి గాజు ముక్క ప్లాస్టర్‌తో అతికించండి. పగులు కదిలితే గాజు విరుగుతుంది, వాదన అక్కర్లేదు. రిపోర్టు మీద బిల్డర్ సంతకం తవ్వకానికి ముందే పడాలి. ఆ తర్వాత 'ఈ పగులు పాతదేనమ్మా' అంటాడు. చట్టం మీ నేలకు పక్క నేల ఇచ్చే ఆసరాను మాత్రమే సహజ హక్కుగా చూస్తుంది, నేల మీది ఇంటి బరువుకు కాదు. అందుకే ఒప్పందం కాగితం మీద ఉండాలి.

ఒప్పందంలో ఇవి రాయించండి: మీ వైపు గోతులు అన్నీ ఒక్కసారి కాకుండా ఒకటి విడిచి ఒకటి తవ్వి, కాంక్రీటు వేసి పూడ్చాకే తర్వాతిది. బండ తగిలితే పేలుళ్లు వద్దు, బ్రేకరో, రసాయనంతో చీల్చడమో చెయ్యాలి. కొత్త బోరు మీ సరిహద్దుకు దూరంగా అవతలి మూల. మీ వైపు బాత్రూం, వంటింటి కిటికీలు అయిదడుగుల ఎత్తులో, మసక అద్దాలతో. పని ఉదయం 8 నుంచి సాయంత్రం 6, శ్లాబు రోజు మాత్రం ముందు చెప్పి. ఆకుపచ్చ వల పై దాకా. మీ పై వాటా వాళ్లు దుమ్ముకు ఖాళీ చేస్తే ఎన్ని నెలల అద్దె ఇస్తారో అంకె వెయ్యండి. కాంట్రాక్టర్ ఆల్ రిస్క్ బీమా పాలసీ తీసుకోవాలి, అందులో పొరుగు ఆస్తి నష్టం భాగం ఉండాలి. ఆ పేజీ కాపీ మీ దగ్గరుండాలి. మరమ్మతులకు కొంత డబ్బు ముందే డిపాజిట్ చేయించండి. అన్నయ్య కూడా అందులో పార్టీగా సంతకం పెట్టాలి, బిల్డర్ మారినా షరతు నిలవాలి. ఒక్క వాక్యం మాత్రం ఎవరెంత బతిమాలినా ఒప్పుకోవద్దు: 'ఇకపై ఎలాంటి ఫిర్యాదూ చెయ్యను' అన్నది.

మూడు, మీ స్థలం కలపడం. బిల్డర్‌కు మీ మీద అంత ప్రేమ ఎందుకో చెప్తాను. 750 చదరపు మీటర్లు దాటితే పార్కింగ్‌కు సెల్లారు తవ్వుకునే వీలు వస్తుంది. మీ 400 గజాలు కలిస్తే మొత్తం 1,003 చదరపు మీటర్లు, 1,000 గీత దాటడానికి మీ స్థలమే కావాలి. అక్కడ 18 మీటర్ల ఎత్తు కూడా అందుతుంది, దానికి పక్కలా 6 మీటర్లు వదలాలి. అంటే బేరంలో మీ గజానికి అన్నయ్య గజం కన్నా ఎక్కువ విలువుంది. ఇద్దరికీ ఒకే నిష్పత్తి అంటే తొందరపడి తలూపకండి. ఇందులో సుఖం ఏమిటంటే గోతి పక్కన బతకాల్సిన పని లేదు, వాటాగా ఫ్లాట్లు వస్తాయి. కష్టం ఏమిటంటే మూడేళ్లో, ఇంకా ఎక్కువో అద్దె ఇంట్లో, చేతిలో ఇల్లు లేకుండా ఉండాలి. బిల్డర్ డబ్బు ఆగితే అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకేసారి మునుగుతారు. కలిస్తే శాంక్షన్ రాకముందు ఇల్లు పడగొట్టనివ్వకండి. జీపీఏ (మీ తరఫున అమ్మే అధికార పత్రం) బిల్డర్ వాటా ఫ్లాట్లకే పరిమితం కావాలి. ప్లాను ప్రకారం కడతామన్న హామీగా మున్సిపాలిటీకి తనఖా పెట్టే 10 శాతం కట్టడం బిల్డర్ వాటాలోంచే పోవాలి. అప్పగింత అంటే రంగులు వేసిన రోజు కాదు, కట్టడంలో ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన రోజు. మూలధన లాభం పన్ను మామూలుగా కట్టడం పూర్తయిందన్న సర్టిఫికెట్ వచ్చిన ఏడాదిలో పడుతుంది, మధ్యలో మీ వాటా అమ్ముకుంటే ఆ వెసులుబాటు పోతుంది.

రెరా (ఫ్లాట్ల ప్రాజెక్టుల నియంత్రణ చట్టం) సంగతి అన్నయ్యకు కూడా చెప్పండి. 500 చదరపు మీటర్లు, 8 ఫ్లాట్లు దాటాయి కాబట్టి ఈ ప్రాజెక్టు రిజిస్టర్ చెయ్యాల్సిందే. రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా బిల్డర్ 'ప్రీ లాంచ్' అని ఫ్లాట్లు అమ్మడం మొదలుపెడితే స్థల యజమాని కూడా ఇరుక్కుంటారు. చెల్లెలుగా మీరు ఆయనకు చెయ్యగల పెద్ద సాయం ఇదేనేమో. బిల్డర్ ఇంతకుముందు కట్టిన రెండు కట్టడాలకు ఇద్దరూ కలిసి వెళ్లి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిందా, యజమానుల వాటా ఎప్పుడు చేతికొచ్చిందని అక్కడివాళ్లనే అడగండి.

అసోసియేషన్‌కు కుదిరే మాట ఒకటుంది. 'పిటిషన్‌లో నా పేరు పెట్టొద్దు. ప్లాను కాపీ తెచ్చిస్తాను. వాన నీళ్లు, బోరు, డ్రైనేజీ, రోడ్డు మీద మెటీరియల్ గురించి బిల్డర్‌తో రాతపూర్వకంగా మాట్లాడండి, ఆ ఉత్తరం మీద మొదటి సంతకం నాదే. ప్లాను తప్పితే మున్సిపాలిటీకి ఫిర్యాదు కూడా నేనే ఇస్తాను' అనండి. దీన్ని గ్రూపులో పెట్టకండి, ప్రెసిడెంట్‌గారి ఇంటికి వెళ్లి చెప్పండి. ఆ 10 వేల చందాను అలాగే ఉంచి, దానితో స్ట్రక్చరల్ ఇంజనీరును పెట్టుకుంటే వీధిలో తర్వాత వచ్చే రెండో అపార్ట్‌మెంట్‌కు కూడా పనికొస్తుంది. ఒకటి లేచాక రెండోది రాకుండా ఉండదు.

అన్నయ్యతో మాట్లాడేటప్పుడు వదినగారు కూడా ఉండేలా చూసుకోండి, బిల్డర్ మనిషి మాత్రం ఉండకూడదు. విల్లు కాగితం ఒక రోజు, షరతుల కాగితం ఇంకో రోజు. రెండూ ఒకే సాయంత్రం తేల్చేద్దామంటే, షరతులు ఒప్పుకుంటేనే సంతకం అని మీరు బెదిరిస్తున్నట్టు ఆయనకు వినిపిస్తుంది. వారసత్వం సంతకం ముందు ఇచ్చేస్తే బేరంలో మీ చెయ్యి కాస్త కిందవుతుంది, అన్నయ్య మనసు మాత్రం కుదుటపడుతుంది. షరతులు తేలేదాకా ఆపితే దానికి వ్యతిరేకం జరుగుతుంది. ఆయన్ని నాకన్నా మీరే బాగా ఎరుగుదురు. ఏది ముందో మీరే నిర్ణయించుకోండి. ఏది ముందైనా ఇంజనీరు ఫొటోలు మాత్రం ఈ వారంలోనే తీయించండి, వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.